రెండు పూటలా భోజనం బదులు షేక్ తాగితే బరువు తగ్గుతానా? ఆపేస్తే మళ్లీ పెరుగుతానా?

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెబుతాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. వయసు 38, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు, కూర్చుని చేసే ఉద్యోగం. ఉదయం, రాత్రి తిండి మానేసి ఆ రెండు పూటలా మీల్ రీప్లేస్‌మెంట్ షేక్ తాగితే నెలకు 7 కిలోలు తగ్గొచ్చని మీ స్నేహితురాలు చెప్పింది. మీరు థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు. నిజంగా తగ్గుతానా, ఒంటికి ఏమైనా చేస్తుందా, ఆపేస్తే మళ్లీ పెరిగిపోతానా అన్నవి మీ మూడు ప్రశ్నలు. ఏ ఫ్లేవర్ కొనాలన్నది నాలుగోది, దానికి చివర్లో వస్తాను.

పదహారేళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. సూటిగా చెప్పాలంటే, తగ్గుతారు. కాకపోతే నెలకు 7 కాదు, మూడు నెలలకు 6 నుంచి 8 కిలోలు. మీరు చెప్పిన వివరాలను బట్టి రెండు పూటలా షేక్ తాగడంలో పెద్ద ఇబ్బందేమీ కనిపించడం లేదు. థైరాయిడ్ మాత్ర టైమ్ ఒక్కటి సరిచూసుకోవాలి. ఇక ఆపేశాక సంగతి అంటారా, పదమూడో వారంలో ఏం తింటారో ఇప్పుడే అనుకోకపోతే పెరగడానికే ఎక్కువ అవకాశం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో షేక్ తాగే రోజుల్లో చేతులెత్తేసేవాళ్లు తక్కువ. మానేశాక రెండు నెలలకు తలదించుకుని వచ్చేవాళ్లే ఎక్కువ.

ముందు ఆ 7 కిలోల లెక్క చూద్దాం. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు పడాలి. 7 కిలోలకు దాదాపు 54 వేలు. ముప్ఫై రోజులకు పంచితే రోజుకు 1,800. మీ వయసు, ఎత్తు, బరువు, ఉద్యోగం చూస్తే మీ ఒళ్లు రోజు మొత్తం ఖర్చు పెట్టేదే 1,900 నుంచి 2,000 మధ్య ఉంటుంది. అంటే ఆ లెక్క నిజం కావాలంటే మీరు రోజుకు ఒకటి రెండు వందల క్యాలరీలతో నెల గడపాలి. దాన్ని డైట్ అనరు, పస్తు అంటారు.

మరి మీ స్నేహితురాలు అబద్ధం చెప్పిందా? అక్కర్లేదు, తూకం మీద తను చూసిందే చెప్పి ఉంటుంది. తిండి ఒక్కసారిగా తగ్గించినప్పుడు ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్, అంటే దాచిపెట్టుకున్న పిండిపదార్థం, ముందు ఖర్చవుతుంది. గ్లైకోజెన్ తన బరువుకు మూడింతల నీటిని పట్టుకుని ఉంటుంది, కాబట్టి దానితోపాటు ఆ నీళ్లూ పోతాయి. ఉప్పు తగ్గడం వల్ల ఇంకొంచెం నీరు పోతుంది. పేగుల్లో ఉండే తిండి బరువు కూడా తగ్గుతుంది. మొదటి వారంలోనే రెండు కిలోలు, ఒక్కోసారి రెండున్నర దిగుతుంది. చూసినవాళ్లకు ఇదే ఊపులో నెలకు ఎనిమిది అనిపిస్తుంది. రెండో వారంలో అరకిలో దిగేసరికి "షేక్ పనిచేయడం మానేసింది" అని టెన్షన్ మొదలు. నిజానికి కొవ్వు తగ్గడం కనబడేది ఆ అరకిలో దగ్గర్నుంచే.

అసలు షేక్ ఎందుకు పనిచేస్తుంది? అందులో కొవ్వు కరిగించే మందేమీ లేదు. ఆ పూటకు ఏం తినాలి, ఎంత తినాలి, ఇంకొంచెం వడ్డించుకుంటే ఏమైంది అన్న తర్జనభర్జన లేకుండా చేస్తుంది, అంతే. మనం కంచం చూసి వేసే అంచనాలో నాలుగైదు వందల క్యాలరీలు తేడా రావడం మామూలు. డైటీషియన్‌నైన నేను కూడా ఆకలి మీద ఉన్నప్పుడు తప్పు అంచనా వేస్తాను. ప్యాకెట్ మీద 220 అని ఉంటే అది 220. ఈ చిన్న సౌకర్యమే బరువు మీద కనిపిస్తుంది. 2003లో వచ్చిన ఒక మెటా విశ్లేషణలో, అంటే పలు అధ్యయనాలను కలిపి చూసిన లెక్కలో, రోజుకు ఒకటి రెండు పూటలు షేక్‌తో సరిపెట్టుకున్నవాళ్లు, అంతే క్యాలరీలతో మామూలు డైట్ చేసినవాళ్లకంటే మూడు నెలలకు సుమారు రెండున్నర కిలోలు ఎక్కువ తగ్గారు. ఏడాదికి చూసినా ఆ తేడా దాదాపు అలాగే ఉంది. గొప్ప మాయేమీ కాదు, తీసిపారేసేదీ కాదు.

అన్ని పూటలా షేకే తాగే పద్ధతి వేరే. దాని గురించి మీరు అడగలేదు కానీ, గూగుల్ చేస్తే మీకు ముందు కనిపించేవి ఆ ఫలితాలే. బ్రిటన్‌లో జరిగిన 'డైరెక్ట్' అనే అధ్యయనం 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. టైప్ 2 డయాబెటిస్ ఉన్నవాళ్లకు మూడు నుంచి ఐదు నెలలపాటు రోజుకు 825 నుంచి 853 క్యాలరీల ఫార్ములా ఆహారం మాత్రమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. మామూలు వైద్యం తీసుకున్నవాళ్లలో అది 4 శాతమే. రెండేళ్లకు 46 కాస్తా 36 అయింది. ఈ అంకెలు ఎవరు చెప్పినా ఒక సంగతి వదిలేస్తారు. ఆ అధ్యయనంలో షుగర్, బీపీ మాత్రలు మొదటి రోజే ఆపించారు. శిక్షణ పొందిన నర్సులు, డైటీషియన్లు వెంట ఉన్నారు. షేక్‌లు మానే ముందు రెండు నుంచి ఎనిమిది వారాలపాటు మామూలు తిండిని మెల్లగా తిరిగి అలవాటు చేశారు. ఇంట్లో ఒక్కరే డబ్బా ముందు పెట్టుకుని చేసేది ఆ పని కాదు. రోజుకు 800 చుట్టుపక్కల క్యాలరీలంటే డాక్టర్ పర్యవేక్షణ ఉండాల్సిందే. మీకు దాని అవసరం లేదు.

ఇప్పుడు డబ్బా సంగతి. సగం గందరగోళం ఇక్కడే ఉంది. ప్రొటీన్ పౌడర్ వేరు, మీల్ రీప్లేస్‌మెంట్ వేరు. ప్రొటీన్ పౌడర్ అంటే ప్రొటీనే, మిగతావి నామమాత్రం. భోజనం మానేసి అది తాగితే విటమిన్లు, ఖనిజాలు, పీచు, అవసరమైన కొవ్వులు ఏవీ అందవు. 1970ల చివర్లో అమెరికాలో ద్రవ ప్రొటీన్ డైట్ల మోజు నడిచింది. చౌకరకం కొలాజెన్ ప్రొటీన్ ఒక్కటే తాగుతూ నెలల తరబడి గడిపినవాళ్లలో పదుల మంది గుండె లయ తప్పి చనిపోయారు. ఇవాళ్టి పౌడర్లు అంత నాసిరకంవి కావు, కానీ భోజనానికి బదులు అని డబ్బా మీద రాయనిదాన్ని భోజనం బదులు వాడకూడదన్న పాఠం మాత్రం మారలేదు.

ఆహార ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్, బరువు తగ్గడానికి వాడే ఫార్ములా ఆహారాలకు 1991లోనే ఒక ప్రమాణం పెట్టింది. దాని ప్రకారం ఒక పూటకు 200 నుంచి 400 క్యాలరీలు ఉండాలి. అందులో 25 నుంచి 50 శాతం ప్రొటీన్ నుంచి రావాలి. కొవ్వు నుంచి వచ్చేవి 30 శాతం దాటకూడదు. విటమిన్లు, ఖనిజాలు ఎంత ఉండాలో కూడా ఉంది. నేను లేబుల్ చూసేటప్పుడు ఇంత లెక్క వేయను. 220 క్యాలరీల షేక్‌లో కనీసం 18 నుంచి 20 గ్రాముల ప్రొటీన్ ఉందా, 5 గ్రాములకు తగ్గకుండా పీచు ఉందా, పదార్థాల జాబితాలో మొదటి పేరు చక్కెరో మాల్టోడెక్స్‌ట్రినో అయిందా, ఈ మూడు చూస్తాను. మాల్టోడెక్స్‌ట్రిన్ తియ్యగా ఉండదు, "చక్కెర కలపలేదు" అని రాసుకోవచ్చు, కానీ రక్తంలో గ్లూకోజ్‌ను చక్కెరలాగే, ఒక్కోసారి అంతకంటే వేగంగా పెంచుతుంది. జాబితాలో అదే ముందుంటే ఆ డబ్బా అక్కడే పెట్టేయండి.

ఇంకో హెచ్చరిక. ఏది ఎంత ఉందో చెప్పకుండా "ప్రత్యేక మూలికల మిశ్రమం" అని ఒక్క ముక్కలో తేల్చేసిన డబ్బాలు వద్దు. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్‌నే తీసుకోండి. అందులోని ఈజీసీజీ అనే పదార్థం సప్లిమెంట్ల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకుమించి తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరుగుతున్నట్టు ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. ఎంతుందో రాయనప్పుడు మీరెంత తాగుతున్నారో మీకేం తెలుస్తుంది?

సరే, మంచి డబ్బానే కొన్నారు. అయినా తగ్గరు కొందరు. ఒకావిడ రెండు నెలలుగా రెండు పూటలా షేక్ తాగుతున్నానని, అరకిలో కూడా కదల్లేదని వచ్చారు. డబ్బా తెచ్చుకోమన్నాను. నా గదిలో చిన్న తూకం ఉంది. "ఇంట్లో ఎలా కలుపుతారో ఇక్కడ అలాగే కలపండి" అన్నాను. స్కూప్ డబ్బాలో ముంచి, గోపురంలా పైకి నిండుగా తీశారు. ఇంకో స్కూప్, అదీ అలాగే. కాగితం మీద పోయించి తూచాం. లేబుల్ చెప్పేది రెండు స్కూపులకు 55 గ్రాములు, 210 క్యాలరీలు. తూకం 74 చూపించింది. అంటే పౌడరే 280 దాటింది. లేబుల్ మీది లెక్క నీళ్లలో కలిపితే. ఆవిడ కలిపేది వెన్న తీయని పాలలో, పెద్ద గ్లాసు, 300 మిల్లీలీటర్లు. అవొక 190. రుచి కోసం అరటిపండు, అదొక నూరు. పైన ఒక పెద్ద చెంచా తేనె, అదొక అరవై. కూడితే 630 చిల్లర. ఆవిడ తన పుస్తకంలో మాత్రం ప్రతి పూటా నీటుగా "షేక్ – 210" అని రాసుకుంటున్నారు. మోసం లేదు, బద్ధకం లేదు. తూచలేదు, అంతే. ఆవిడ కాసేపు ఆ కాగితం వైపే చూసి, "అంటే నేను రెండు నెలలుగా రోజూ నాలుగు పూటలు తింటున్నట్టా?" అన్నారు. దాదాపు అంతే.

అందుకని మొదటి వారమైనా పౌడర్‌ను గ్రాముల్లో తూచండి. వంటింటి తూకం లేకపోతే స్కూప్‌ను కత్తి వెనక వైపుతో చదును చేయండి. నీళ్లలో కలపమంటే నీళ్లలోనే. పాలలో అయితే వెన్న తీసిన పాలు తీసుకుని, ఆ క్యాలరీలు కూడా కలిపి రాసుకోండి.

మీకు నేను వేసే లెక్క ఇది. రెండు షేక్‌లు కలిపి 440. ఒక భోజనం 550 నుంచి 600. మధ్యలో పండు, పెరుగు లాంటివి 150 నుంచి 200. మొత్తం మీద 1,200 చుట్టూ. లోటు 700 దాకా పడుతుంది, వారానికి 600 గ్రాముల చిల్లర. పన్నెండు వారాలకు 7 కిలోలు వస్తుంది. ఇంతకంటే తగ్గిస్తే ఇంకా వేగంగా తగ్గుతారు కానీ కొవ్వుతోపాటు కండ కూడా ఎక్కువ పోతుంది. మామూలుగానే, వ్యాయామం లేకుండా తగ్గిన బరువులో దాదాపు నాలుగో వంతు కండే ఉంటుంది. అసలుకే ఎసరు పెట్టుకుంటే తర్వాత అంతే తిండికి ముందుకంటే ఎక్కువ పెరుగుతారు. రోజుకు 75 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ అందాలి మీకు. షేక్‌ల నుంచి 40 వస్తే మిగతాది మీరు తినే ఆ ఒక్క భోజనం, మధ్యలో తినేవి కలిసి ఇవ్వాలి. గుడ్లు, చేపలు, చికెన్, పప్పుధాన్యాలు, పెరుగు, మీకు ఏది అలవాటైతే అది. వారానికి రెండుసార్లు బరువులెత్తడమో, గోడకు చేతులు ఆనించి పుషప్స్, కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటివో చేయండి. నడక మంచిదే కానీ కండను కాపాడే పని దానికి అంతగా చేతకాదు.

ఆ ఒక్క భోజనం గురించి ఇంకో మాట. "రెండు పూటలు కడుపు మాడ్చుకున్నాను, ఈ పూట కాస్త ఎక్కువైతే ఏం" అన్న ఆలోచన అందరికీ వస్తుంది. రోజంతా దాచింది ఆ గంటలో పోతుంది. కంచంలో సగం కూరగాయలు, పావు వంతు ప్రొటీన్, పావు వంతు ధాన్యం. ఇది పాత పాటే, కానీ షేక్ రోజుల్లో కూరగాయలకు అదొక్కటే చోటు, అక్కడ కూడా లేకపోతే మలబద్ధకం ఖాయం.

ఆకలి ఎలా ఉంటుందో ఎవరూ ముందు చెప్పరు. మూడో రోజు, నాలుగో రోజు కష్టం. తలనొప్పి, చిరాకు, మధ్యాహ్నం నాలుగింటికి నీరసం. ఐదారు రోజులు దాటితే చాలామందికి సర్దుకుంటుంది. ద్రవాలు నమిలే తిండి అంత కడుపు నింపవు, ఇది నిజం. రెండు గుక్కల్లో తాగేస్తే గంటలో ఆకలి. నా దగ్గర ఒకాయన షేక్‌ను గిన్నెలో పోసుకుని, ఐస్ వేసి చిక్కగా చేసుకుని, చెంచాతో పావుగంట తినేవాడు. ఇంట్లోవాళ్లు నవ్వేవారట. పన్నెండు వారాలు పూర్తి చేసింది మాత్రం ఆయనే. పక్కన కీరాదోస, క్యారెట్ ముక్కలు పెట్టుకుని కరకరలాడించండి. పది పదిహేను క్యాలరీలే, కానీ నోటికి పని దొరుకుతుంది.

ఏ పూట మార్చాలన్నది కూడా ఆలోచించండి. మీరు ఉదయం, రాత్రి అనుకుంటున్నారు. నేనైతే ఏ పూట మీ చేయి అదుపు తప్పుతుందో ఆ పూటకు షేక్ పెట్టమంటాను, నలుగురితో కలిసి కూర్చుని తినే పూటను వదిలేయమంటాను. ఇంట్లో అందరూ తింటుంటే పక్కన గ్లాసు పట్టుకుని కూర్చోవడం పది రోజులు జరుగుతుంది, పదకొండో రోజు జరగదు. పైగా మీ విషయంలో ఉదయం పూట వద్దనడానికి ఇంకో గట్టి కారణం ఉంది.

అదే థైరాయిడ్ మాత్ర. లెవోథైరాక్సిన్ పరగడుపున వేసుకోవాలని మీకు తెలిసే ఉంటుంది. అరగంట, గంట ఆగి ఏదో ఒకటి తింటారు. మామూలు తిండికి ఆ గ్యాప్ చాలు. కానీ షేక్‌లో క్యాల్షియం, ఐరన్ దండిగా కలుపుతారు. చాలావాటిలో సోయా ప్రొటీన్ కూడా ఉంటుంది. ఈ మూడూ ఆ మందును పేగుల్లో సరిగా ఎక్కనివ్వవు. క్యాల్షియం, ఐరన్‌లకు మాత్రతో నాలుగు గంటల దూరం ఉండాలంటారు. పొద్దున ఆరింటికి మాత్ర, ఏడున్నరకు షేక్ అంటే మీరు మందు డబ్బులు పారేసుకుంటున్నట్టే. మందు ఎక్కకపోతే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే హార్మోన్) పెరుగుతుంది, నీరసం వస్తుంది, బరువు కదలదు, మీరేమో షేక్‌ను తిట్టుకుంటారు. తేలికైన దారి, ఉదయం చిన్న టిఫిన్ తిని షేక్‌లను మధ్యాహ్నం, రాత్రి వేళలకు జరపండి. లేదా మాత్రనే రాత్రి పడుకునే ముందుకు, చివర తిన్న మూడు గంటల తర్వాతకు, రాత్రి తాగేది షేక్ అయితే నాలుగు గంటల తర్వాతకు మార్చవచ్చేమో మీ డాక్టర్‌ని అడగండి. ఏది చేసినా ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ ఒకసారి చూపించుకోండి. బరువు తగ్గేకొద్దీ డోసు కూడా మారొచ్చు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం కూడా చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు, తిండి విషయంలో గతంలో మానసికంగా ఇబ్బంది పడ్డవాళ్లు ఈ జోలికి వెళ్లకూడదు. కిడ్నీ జబ్బు ఉంటే ప్రొటీన్, పొటాషియం, ఫాస్ఫరస్ లెక్క డాక్టరే చూడాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు షేక్‌లోని విటమిన్ కె వల్ల ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూపే అంకె) మారిపోవచ్చు. ఇక షుగర్ మందులు వాడేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవండి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లాజైడ్ లాంటివి మీరు తిన్నా తినకపోయినా షుగర్‌ను దించుతాయి. ఒకాయన ఎవరికీ చెప్పకుండా షేక్ మొదలుపెట్టి, మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నాడు. మూడో రోజు పదకొండింటికి ఆఫీసులో చేతులు వణికి, చెమటలు పోసి కింద కూలబడ్డాడు. రీడింగ్ 54. అదృష్టం బాగుండి పక్కనవాళ్లకు విషయం తెలిసి చక్కెర నీళ్లు తాగించారు. గ్లిఫ్లోజిన్ రకం షుగర్ మందులు వాడుతూ పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే ఇంకో ప్రమాదం, షుగర్ మరీ ఎక్కువ కనిపించకుండానే కీటోయాసిడోసిస్, అంటే రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పెరిగే పరిస్థితి, రావచ్చు. బీపీ మాత్రలు వాడేవాళ్లకు లేవగానే కళ్లు తిరగొచ్చు. ఇవేవీ షేక్ మానేయడానికి కారణాలు కావు, మొదలుపెట్టకముందే డాక్టర్‌తో మాట్లాడటానికి కారణాలు.

చిన్నాచితకా ఇబ్బందులు కొన్ని ఉంటాయి. కడుపు ఉబ్బరం వస్తే పాలలోని లాక్టోజ్ పడకపోవచ్చు, లాక్టోజ్ చాలావరకు తీసేసిన ఐసొలేట్ రకమో మొక్కల ప్రొటీనో చూడండి. స్వీటెనర్‌గా మాల్టిటాల్ లాంటివి ఉన్నా గ్యాస్ వస్తుంది. నీళ్లు మామూలు కంటే ఎక్కువ తాగాలి, తిండితో వచ్చే నీరు తగ్గిపోతుంది కాబట్టి. మూడో నెలలో జుట్టు రాలుతోందని కంగారుగా ఫోన్ చేస్తారు. వేగంగా బరువు తగ్గిన రెండు మూడు నెలలకు అది మామూలే, చాలామందిలో తిరిగి వస్తుంది. పక్కటెముకల కింద కుడివైపు, తిన్న తర్వాత నొప్పి వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించుకోండి. వారానికి కిలోన్నర మించి తగ్గేవాళ్లలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. అందుకే నేను ఏ డైట్‌లోనూ కొవ్వు పూర్తిగా తీసేయను. రోజులో ఒక పూటైనా ఏడు నుంచి పది గ్రాముల కొవ్వు ఉంటే పిత్తాశయం ముడుచుకుని ఖాళీ అవుతుంది.

ఇక మీ మూడో ప్రశ్న. నాకు కొంచెం గిల్టీగా ఉండే విషయం ఇది. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక టీచర్‌గారిని డాక్టర్ పర్యవేక్షణలో పన్నెండు వారాలు పూర్తిగా షేక్‌ల మీద పెట్టాం. 14 కిలోలు తగ్గారు. ఫోటో దిగాం, నేను పొంగిపోయాను. పదమూడో వారానికి నా ఫైల్లో రాసింది ఒకే లైను, "సమతుల ఆహారం తీసుకోండి". ఎనిమిది నెలలకు ఆవిడ వచ్చారు. 12 కిలోలు తిరిగి వచ్చేశాయి. నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ. ఆ పన్నెండు వారాల్లో ఆవిడ ఒక్క భోజనం కూడా వడ్డించుకోలేదు, కాబట్టి ఒక్క భోజనం వడ్డించుకోవడం కూడా నేర్చుకోలేదు. ఆ తప్పు ఆవిడది కాదు, నాది.

ఇది ఎంత పెద్దవాళ్లకైనా జరుగుతుంది. 1988 నవంబర్‌లో అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే ద్రవాహార డైట్‌తో 30 కిలోలు తగ్గి, తన టీవీ షోలో అంత బరువు కొవ్వును బండిలో లాక్కొచ్చి చూపించారు. ఆ తర్వాత కొద్ది రోజులకే బరువు తిరిగి పెరగడం మొదలైందని తనే చెప్పారు.

మీరు చేయాల్సింది ఇది. పన్నెండు వారాలు అయ్యాక రెండు షేక్‌లూ ఒకేసారి మానొద్దు. పదమూడో వారం నుంచి ఒక షేక్ తీసేసి ఆ చోట 400 క్యాలరీల భోజనం పెట్టండి. ఆ భోజనం ఏమిటో ఇప్పుడే అనుకుని, పదో వారంలోనే రెండుసార్లు వండి చూసుకోండి. నాలుగు వారాలు అలా గడిచాక రెండో షేక్ ఉంచాలా వద్దా అన్నది మీ ఇష్టం. చాలామంది ఒక పూట షేక్‌ను ఏడాదిపాటు ఉంచుకుంటారు, అందులో తప్పేమీ లేదు. ఐరోపాలో అనుమతించిన ఆరోగ్య ప్రకటన కూడా అలాగే ఉంది, తగ్గడానికి రెండు పూటలు, తగ్గింది నిలబెట్టుకోవడానికి ఒక పూట.

వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే వేళ తూకం చూసుకోండి. అమెరికాలో 1994లో మొదలైన నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీలో, బాగా తగ్గి ఏళ్ల తరబడి నిలబెట్టుకున్నవాళ్లను చూస్తే నలుగురిలో ముగ్గురు కనీసం వారానికోసారి బరువు చూసుకుంటారు. మీ తగ్గిన బరువు 77 అనుకుంటే, 79 దగ్గర ఒక గీత గీసుకోండి. గీత దాటితే రెండు నుంచి నాలుగు వారాలు మళ్లీ రెండు షేక్‌లు. డైరెక్ట్ అధ్యయనంలోనూ రెండు కిలోలు పైగా తిరిగి పెరిగినవాళ్లకు ఇలాంటి ఏర్పాటే పెట్టారు. ఐదు కిలోలు పెరిగాక మేలుకునేవాళ్లకు మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక ఉండదు, రెండు కిలోలకు ఉంటుంది.

ఫ్లేవర్ అడిగారు కదా. మొదటి గుక్కకు అద్భుతంగా ఉన్నది కొనకండి, అది రెండో వారానికి వెగటు పుడుతుంది. తీపి తక్కువ ఉన్నవి రెండు రకాలు, చిన్న ప్యాకెట్లు దొరికితే అవే తీసుకుని వారం రోజులు మార్చి మార్చి తాగి చూడండి. ఆఫర్ ఉందని మూడు నెలల డబ్బా ముందే కొనకండి. నా గదిలో బీరువా మీద అలా సగం వాడి తెచ్చి ఇచ్చిన డబ్బాలు పదకొండు ఉన్నాయి, తొమ్మిది చాక్లెట్టే.